అగ్గిపెట్టెల్లో ఏడు చేపల కథ: భోగి దాకా పని లెక్క

నవంబరు 16, ఆదివారం

ఈసారి సంక్రాంతి కొలువుకి కొత్త బొమ్మలేవీ కొనొద్దని అమ్మా నేనూ అనుకున్నాం. కొండపల్లి అంబారీ ఏనుగు, దశావతారాలు, ఏటికొప్పాక లక్క పిడతలు పెట్టెలో ఉండనే ఉన్నాయి. వాటి పక్కన ఒక కథని అగ్గిపెట్టెల్లో బుల్లి బొమ్మలుగా నా చేత్తో చేసి పెడదామని నా కోరిక. కథ ఏదన్నది రెండు నిమిషాల్లో తేలిపోయింది. మా అన్నయ్య కూతురు అమ్ములుకి నాలుగేళ్లు. రాత్రిళ్లు అది అడిగే కథ ఒక్కటే, ఏడు చేపలది.

అగ్గిపెట్టెలే ఎందుకంటే, ఆ కథంతా అడగడం, చెప్పడం. చేపని అడిగితే గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపుని అడిగితే ఆవు మీద. పెట్టె తొడుగు మీద ప్రశ్న రాస్తాను. సొరుగు లాగితే లోపల జవాబు. చిన్నపిల్లల చేతికి సొరుగు లాగడమంత సరదా ఇంకోటి లేదు.

తొమ్మిది పెట్టెలు: రాజూ కొడుకులూ, చేపలు, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లవాడు, చీమ, పుట్ట. కొలువు మెట్లు బేసి సంఖ్యలో ఉండాలంటుంది అమ్మ. తొమ్మిది అనేసరికి వెంటనే ఒప్పుకుంది.

డజను పెట్టెలు 24 రూపాయలు. 2021 డిసెంబరు దాకా ఇవి రూపాయికే వచ్చేవి. పుల్లలన్నీ అమ్మ ఒక సీసాలో పోసి మూత బిగించి అటక మీద పెట్టింది. పక్కల ఉండే గీసే పట్టీల మీద కాగితం అంటించేశాను, పిల్ల చేతికెళ్లేవి కదా. వెనకటి పల్చటి చెక్క పెట్టెలైతే గట్టిగా ఉండేవి. ఇప్పటివన్నీ అట్ట, నాలుగుసార్లు లాగితే మూలలు విచ్చుకుంటాయి. అందుకని సొరుగు లోపల అడుక్కీ గోడలకీ శుభలేఖల అట్ట కత్తిరించి అతికించాను. మా ఇంట్లో దానికేం కరువు.

నవంబరు 23

కొలతలు. బొమ్మరిళ్లు చేసేవాళ్లు ఎక్కువగా వాడేది 1:12, అంటే అడుగు వస్తువుని అంగుళంలో చెయ్యడం. మన ఢిల్లీ రాష్ట్రపతి భవన్ గీసిన లుటియన్సే 1920ల్లో క్వీన్ మేరీ కోసం ఒక బొమ్మరిల్లు గీశాడు, దానిదీ ఇదే లెక్క. హాలీవుడ్ మూకీల తార కొలీన్ మూర్ చేయించిన ఫెయిరీ క్యాజిల్‌దీ ఇదే. షికాగోలో సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఉంది ఆ కోట. సిండరెల్లా గాజు చెప్పులు అందులో నిజంగా గాజుతోనే చేయించిందట. ఆవిడ దగ్గర పనివాళ్లున్నారు, నా దగ్గర శుభలేఖలున్నాయి.

నా సొరుగు లోపలి కొలత: పొడవు 5 సెం.మీ.కి కాస్త తక్కువ, వెడల్పు 3.3, లోతు సెంటీమీటరు. అయిదున్నర అడుగుల మనిషి 1:12లో 14 సెం.మీ. వస్తాడు. 1:24లో 7, అప్పటికీ కాళ్లు బయటే. 1:48లో మూడున్నర. అన్నీ 1:48 అని చీటీ రాసి బల్ల ముందు గోడకి అంటించాను.

నవంబరు 30

చేపలు. వీటికి కోల్డ్ పోర్సలిన్, అంటే కాల్చకుండా ఆరితేనే గట్టిపడే ముద్ద, ఇంట్లోనే చేశాను. అర కప్పు కార్న్‌ఫ్లోర్, అర కప్పు ఫెవికాల్, చెంచాడు నూనె, అర చెంచా నిమ్మరసం. పాత మూకుడులో సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే ముందు ఉండలు కడుతుంది, తర్వాత గిన్నె వదిలి ముద్దవుతుంది. అప్పుడే దించాలి. ఇంకో నిమిషం ఉంచితే ఎండాక పగుళ్లు. గోరువెచ్చగా ఉండగా చేతికి నూనె రాసుకుని చపాతీపిండిలా మర్దించి, పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా చుట్టిపెట్టాలి.

పొలుసులకి అయిపోయిన పెన్ను రీఫిల్. దాని గొట్టం చివర ఏటవాలుగా కోసి, ముద్ద మెత్తగా ఉండగానే తోక వైపు నుంచి తల వైపు వరసగా నొక్కుకుంటూ పోవాలి. తల దగ్గర మొదలుపెడితే ఒక వరస ఇంకోదాన్ని చెరిపేస్తుంది. రెండు చేపలు అలా పాడుచేశాకే అర్థమైంది. కన్ను గుండుసూది మొనతో. ఈ ముద్ద ఎండితే కుంచించుకుపోతుంది. 14 మి.మీ. చేసిన చేప 12కి దిగింది. కాబట్టి మొదటే పెద్దగా చెయ్యాలి.

ఏడో చేప వేరుగా తెలియాలని కాస్త లావుగా చేశాను. మిగతా ఆరూ రెండు రోజుల్లో గట్టిపడ్డాయి. ఇది అయిదో రోజుకీ నొక్కితే లొత్తపడుతోంది. పైగా ముసురు. అమ్మ అడగనే అడిగింది, "చేపా చేపా ఎందుకు ఎండలేదే?" అని. లావుగా చేశాను కాబట్టి ఎండలేదు! లోపల అల్యూమినియం ఫాయిల్ ఉండ పెట్టి పైన పల్చగా ముద్ద తొడిగి మళ్లీ చేశాను.

రంగు ఏడింటికీ ఒకటే, బూడిద రంగులో చుక్క నీలం. తేడా మెరుపులోనే ఉండాలనుకున్నాను. ఆరింటి మీదా సుద్దపొడి అద్ది దులిపాను, వెలిసిన ఎండుచేపల్లా వచ్చాయి. ఏడోదానికి రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు. ఇప్పుడు సొరుగు లాగితే ఒక్కటే తడిగా తళుక్కుమంటుంది. దాని కింద చాపని కూడా పాలిష్‌తో చిన్న మరకలా తడిపాను. ఇప్పటిదాకా ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ మరకే. నేలకి 120 నంబరు గరుకు కాగితం, ఇసుక అంటించే బాధ లేదు.

డిసెంబరు 7

ఈ వారం ఏమీ చెయ్యలేదు. చేసింది పోయింది కూడా.

1:48 లెక్కన చీమ పదోవంతు మి.మీ. ఉండాలి, కంటికి ఆనదు. సరేలే అని మి.మీ. పొడుగు నల్లదారం ముక్క అంటించి ఆరబెట్టాను. అమ్మ బల్ల తుడుస్తూ దుమ్మనుకుని ఉఫ్‌మని ఊదేసింది. తనని ఏమనగలను? నాకే అది దుమ్ములా ఉంది.

తర్వాత అమ్ములుకి చేసినంతవరకూ చూపించాను. అన్నీ లాగి చూసి, "చీమేదత్తా?" అంది. కథలో దానికి కావలసింది చీమే. రాజు పేరేంటో ఎవరికీ తెలీదు, వేటకెళ్లిన కొడుకులు రెండో వాక్యానికి మాయం. కథ పోయేకొద్దీ చిన్నవాళ్ల దగ్గరికి వెళ్తుంది, వాళ్ల మాట పెద్దదవుతుంది. చివరికి చీమ ఎదురు ప్రశ్న వేస్తే ఎవరి దగ్గరా జవాబుండదు. నేనేమో రాజుని నిలువెత్తు చేసి చీమని దుమ్ము చేశాను.

గోడ మీది చీటీ చింపేశాను. కొత్త లెక్క: రాజు అందరికన్నా చిన్న, పెట్టె పెట్టెకీ మనుషులు పెరగాలి, చీమ సొరుగు నిండా ఉండాలి.

డిసెంబరు 14

రాజుకీ కొడుకులకీ బియ్యపు గింజలు! రాజు బాస్మతి, కొడుకులు సోనామసూరి. గింజకి ఒక కొన మీద ఎరుపు చుక్క పెడితే తలపాగా. అట్టలో సూదితో గుంట చేసి, ఫెవిక్విక్ చుక్క పెట్టి, ట్వీజర్‌తో గింజని నిలబెట్టి పదంకెలు లెక్కపెట్టాలి. రెండు గింజలు నా వేలికే అంటుకున్నాయి. పురుగు పట్టకుండా గింజలన్నిటికీ పాలిష్ పూత. మూతి, కన్ను ఏమీ గీయలేదు. అయినా ఎనిమిది మంది వరసగా నిలబడితే ఎవరు రాజో తెలుస్తోంది.

డిసెంబరు 21

గడ్డిమోపుకి ముందు నిజం వరిగడ్డే కోసి పెట్టాను. ఆ పెట్టెలో వెదురుబొంగులు పడేసినట్టుంది. జనపనార పురి విప్పి, పోగులు సెంటీమీటరు ముక్కలు చేసి, పసుపు నీళ్లలో ముంచి ఆరబెడితే కుదిరింది. మధ్యలో అదే నారతో కట్టు.

ఆవుకి పాత చార్జర్ వైరులోని రాగి తీగతో అస్థిపంజరం, మీద ఎంసీల్, రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడేది. రెండు ముద్దలూ సమంగా పిసికాక చేతిలో ఇరవై నిమిషాల పని మాత్రమే ఉంటుంది, కాబట్టి ఒకేసారి అంతా కలపకూడదు. ఒంటికి ఒక విడత, తలకి ఒక విడత, మూపురానికీ గంగడోలుకీ మూడోది. చేతులకి తొడుగులు వేసుకోండి, వాసన రెండు రోజులు పోదు. ఆవు తల పక్కకి తిప్పి పెట్టాను, గడ్డి వంక చూడకుండా. పాలేరు కూడా ఇలాగే, రెండున్నర సెం.మీ., గుంజకి ఆనుకుని చేతులు కట్టుకుని. అతని గురించి చెప్పడానికేం లేదు. తొందరగా అయిపోయాడు.

డిసెంబరు 28

అవ్వ మూడు రోజులు తినేసింది. అమ్మమ్మ పాత నేత చీర అంచు ముక్క కట్టాను. ఇంత చిన్న బొమ్మకి గుడ్డ వంగదు, అట్టలా నిలబడుతుంది, ఎంత సన్న నూలైనా సరే. చివరికి టిష్యూ కాగితం ఒక్క పొర విడదీసి, ఫెవికాల్‌లో రెండింతలు నీళ్లు కలిపి తడిపి, తడి మీదే సూదితో కుచ్చిళ్లు తీర్చాను. ఆరాక రంగు. జుట్టు దూది, ముడి ఆవగింజంత.

బువ్వ దగ్గర నవ్వులపాలయ్యాను. విస్తట్లో బొంబాయి రవ్వ వడ్డిస్తే అవ్వ ఉండ్రాళ్లు పెడుతున్నట్టుంది. ఉప్పు వేశాను, రాత్రికి చెమ్మగిల్లి కరిగింది. బియ్యప్పిండి ఫెవికాల్‌తో కలిపి సూది మొనతో పొడిస్తే మెతుకుల్లా లేచింది. కథలో అవ్వ బువ్వ పెట్టలేదు కాబట్టి ఆ అన్నం గిన్నెలోనే ఉంది. విస్తరి ఖాళీ.

పిల్లవాడు మొహమూ ఒక చెయ్యీ మాత్రమే, సొరుగు మొత్తం. నోరు ఎంత తెరిచి ఉందంటే కొండనాలుక కూడా చేశాను. చూపుడు వేలు ఎర్రగా.

జనవరి 4

చీమ మూడు సెం.మీ. ఎంసీల్ ఉండలు మూడు, రాగి తీగ కాళ్లు ఆరు, ఆరూ నడిమి ఉండకే. నల్లదా ఎర్రదా అని ఇంట్లో పెద్ద చర్చ. కుట్టేది ఎర్రచీమేనని అమ్మ తేల్చేసింది.

పుట్టకి మరిగించిన టీపొడి ఎండబెట్టి ఫెవికాల్‌తో కలిపాను. మట్టి గరుకు అచ్చంగా వస్తుంది. పైన బంగారు రంగు, పొడి బ్రష్‌తో మిట్టల మీద మాత్రమే. నాలుగో రోజు తెల్లగా బూజు! టీపొడి పూర్తిగా ఎండలేదన్నమాట. మొత్తం గీకేసి, ఈసారి పొడిని మూకుట్లో గలగలమనేదాకా వేయించి మళ్లీ చేశాను. అసలైతే కొండపల్లివాళ్ల మక్కు, చింతగింజల పొడీ రంపంపొట్టూ కలిపింది, వాడాలని ఉండేది. వచ్చే ఏడాది చూద్దాం.

పుట్ట మధ్యలో కన్నం పెట్టాను. అమ్ములు చిటికెన వేలు పట్టుకుని కొలిచాను, 9 మి.మీ. కన్నం 11. గోరు మునిగేంత లోతు. అంటే ఈ ఒక్క పెట్టె కొలత 1:1. కన్నం గోడలో పాత టూత్‌బ్రష్ కుచ్చు నాలుగు పోగులు లోపలికి వంచి అతికించాను. పెద్ద బ్రష్‌వి గట్టిగా గుచ్చుకున్నాయి. పిల్లల బ్రష్ పోగులైతే చురుక్కుమంటాయి గానీ నొప్పి లేదు. పదిసార్లు నా వేలే పెట్టి చూసుకున్నాను.

జనవరి 11

రంగులూ జిగురూ తాగి సొరుగులు ఉబ్బాయి, సగం బిగుసుకుపోయాయి. కొవ్వొత్తి ముక్క అంచుల మీద రుద్దితే జారాయి. ఒకటి లాగితే తర్వాతది దానంతటదే తెరుచుకోవాలని దారం కట్టాను మొదట్లో. మూడో పెట్టెకే చిక్కుపడింది, తీసేశాను. ప్రశ్నలు బాల్‌పెన్‌తో రాశాను. స్కెచ్ అయితే అట్ట మీద పాకుతుంది. మొత్తం ఖర్చు మూడు వందల లోపు.

అమ్ములు తొమ్మిదీ వరసగా లాగింది. ప్రశ్నలు చదవడం రాదు, పెట్టె పెట్టెకీ తనే పైకి అడిగింది. చీమ దగ్గర ఆగి, "ఇదే పెద్దది" అంది. చివరి పెట్టె లాగి, ఎవరూ చెప్పకుండానే కన్నంలో వేలు పెట్టింది. చటుక్కున తీసేసుకుంది. నా మొహం చూసింది, ఏడవలేదు. సొరుగు మూసి, ఆ పెట్టె పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

"నాన్నమ్మా, ఇందులో వేలు పెట్టు."