హైదరాబాద్‌లో పాసయ్యే టెస్టు డాలస్‌లో ఎందుకు ఫెయిలవుతుంది

మా టీంలో సగం మంది హైదరాబాద్‌లో, సగం డాలస్‌లో. బిల్లు డ్యూ డేట్ చెక్ చేసే టెస్టు ఒకటి ఇక్కడ అందరికీ పాస్, సీఐలో (టెస్టుల్ని తనంతట తనే రన్ చేసే సర్వర్) కూడా గ్రీనే, డాలస్ వాళ్ళ ల్యాప్‌టాప్‌లలో మాత్రం 15 రావాల్సిన చోట 14 వస్తోంది. ఇక్కడి నుంచి మామూలు సలహానే వెళ్ళింది, నోడ్ మాడ్యూల్స్ (ప్రాజెక్ట్ వాడే లైబ్రరీలు) పీకేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూడండి అని!

జావాస్క్రిప్ట్‌లో డేట్‌కి '2024-03-15' అని ఉత్త తేదీ ఇస్తే యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయం) అర్ధరాత్రి అనుకుంటుంది, అదే పక్కన టైమ్ కూడా రాసి జోన్ రాయకపోతే లోకల్ టైమ్ అనుకుంటుంది, ఇదేం లెక్క అంటే స్టాండర్డ్‌లోనే అలా రాసుంది. యూటీసీ అర్ధరాత్రికి మనకి తెల్లారి 5:30, తేదీ మారదు. డాలస్‌లో మాత్రం ఇంకా 14 సాయంత్రం 7. అంటే బగ్గు నిజంగానే ఉంది, ఫెయిలైన టెస్టు చెప్పిందే నిజం, అక్కడి కస్టమర్లకి ఒకరోజు ముందు తేదీ కనబడుతోంది.

మనవైపు ఇంకో రకం ఉంది. టుఐఎస్ఓస్ట్రింగ్ (డేట్‌ని యూటీసీలో అక్షరాలుగా రాసిచ్చే ఫంక్షన్) ఇచ్చినదాంట్లో మొదటి పది అక్షరాలు కోసుకుని అదే ఇవాళ్టి తేదీ అని వాడేస్తుంటారు. అర్ధరాత్రి 12 నుంచి 5:30 దాకా యూటీసీలో ఇంకా నిన్నే కదా, దాంతో పగలంతా బుద్ధిగా ఉండే టెస్టు రిలీజ్ కోసం రాత్రి కూర్చున్నప్పుడే తిరగబడుతుంది.

ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ప్రోగ్రాంకి ఏ జోనో చెప్పే టీజెడ్ వేరియబుల్‌ని యూటీసీ చేసేసి చేతులు దులుపుకుంటారు. నాకది అస్సలు నచ్చదు, టెస్టు నోరు మూయించడం తప్ప కోడ్‌లో ఏం మారింది? జెస్ట్‌లో (టెస్టులు రన్ చేసే టూల్) ఫేక్ టైమర్లు పెట్టినా అంతే, గడియారం ఆగుతుంది గానీ జోన్ మెషీన్‌దే ఉంటుంది. మేం డ్యూ డేట్‌ని డేట్ ఆబ్జెక్ట్‌గా మార్చడమే మానేసి ఉత్త తేదీగానే ఉంచేశాం, "ఇప్పుడు టైమెంత", "ఏ జోన్" అనేవి రెండూ ఫంక్షన్‌కి బయటినుంచి ఇస్తున్నాం, సీఐలో అవే టెస్టుల్ని యూటీసీ, ఏషియా/కోల్‌కతా, అమెరికా/చికాగో మూడింట్లోనూ రన్ చేస్తున్నాం (డాలస్‌ది చికాగో జోనే).

చికాగో పెట్టగానే ఇంకోటి బయటపడింది. రేపటి తేదీ కోసం ఎవరో 24 గంటలు కలిపారు. 2024 మార్చి 10న అక్కడ గడియారాలు గంట ముందుకి జరిగాయి, ఆరోజుకి 23 గంటలే, కాబట్టి 9వ తేదీ రాత్రి 11:30కి 24 గంటలు కలిపితే 11వ తేదీ 12:30 వస్తుంది, పదో తేదీ మాయం. మనకి డేలైట్ సేవింగ్ గొడవ లేదు కాబట్టి ఇక్కడ కూర్చుని ఎన్నిసార్లు రన్ చేసినా ఇది దొరకదు.

అన్నట్టు టెస్టులో జోన్ పేరుని స్ట్రింగ్‌గా పోల్చకండి, క్రోమ్, నోడ్ చాలా వెర్షన్లలో కోల్‌కతా బదులు పాత పేరు ఏషియా/కలకత్తా అనే ఇస్తాయి.