నడుమ ఎక్కడ అంటే

2009లో గల్ఫ్ ఉద్యోగం కోసం ట్రేడ్ టెస్టుకు వెళ్ళిన రోజున ఒక ఇంగ్లీషు మాట నన్ను దాదాపు ఇంటికి తిప్పి పంపింది. మాది ఖిలా వరంగల్. మా నాన్న సెంట్రింగ్ మేస్త్రి. ఇంటర్ తప్పిన ఏడాది నుంచి నేనూ ఆయన వెంట హన్మకొండ, కాజీపేటలలో కట్టే ఇళ్ళ దగ్గరికి సైకిల్ మీద వెళ్ళి, స్లాబు కింద కర్రలు నిలబెట్టడం, రేకులు పరచడం, కాంక్రీటు గట్టిపడిన తరువాత వాటిని విప్పడం నేర్చుకున్నాను. పరీక్ష చేసే పెద్దమనిషి "షట్టరింగ్ కార్పెంటరువేనా?" అని హిందీలో అడిగితే, "కాదు సార్, నాది సెంట్రింగ్ పని" అని ఉన్నదున్నట్టు జవాబు చెప్పాను. ఆయన నా కాగితం పక్కన పెట్టి తరువాతి మనిషిని పిలిచాడు. నా వెనుక వరుసలో జగిత్యాల నుంచి వచ్చిన ఒక అన్న నిలబడి ఉన్నాడు. అప్పటికే రెండుసార్లు దుబాయి వెళ్ళివచ్చిన ఆయన కల్పించుకొని, "రెండూ ఒక్కటే సార్, మా దిక్కు గట్లంటరు" అని చెప్పకపోయి ఉంటే నా బతుకు మరో దారిన పోయేది.

ఇంగ్లీషులో సెంటరింగ్ అంటే, కమాను కట్టేటప్పుడు రాళ్ళు తమంతట తాము నిలబడేదాకా వాటి బరువు మోయడానికి కింద అమర్చే తాత్కాలిక చట్రం. ఆ మాటను మన దేశంలో కమాను ఊసే లేని బల్లపరుపు స్లాబుకు కూడా వాడుతూ వచ్చారు. మా దగ్గర అది ఎంతగా పాతుకుపోయిందంటే, "సెంట్రింగోళ్ళు వచ్చిన్రా?" అన్న ప్రశ్నలో ఇంగ్లీషు మాట ఒకటి ఉందని ఎవరికీ తోచదు. నేను వెళ్ళిన చోట మాత్రం ఆ పనిని ఫార్మ్‌వర్క్ అనీ, షట్టరింగ్ అనీ అంటారు. నా వీసా మీద వృత్తి పేరు షట్టరింగ్ కార్పెంటర్ అని పడింది. ఫోన్లో ఆ పేరు చదివి వినిపిస్తే నాన్న, "మరి సెంట్రింగ్ కాదారా?" అని రెండుసార్లు అడిగాడు. పని అదేనని చెప్పాను. అయినా ముప్పై ఏళ్ళు తాను చేసిన పనిని పరాయి పేరుతో పిలవడం ఆయన మనసుకు పట్టలేదని ఆ గొంతులోనే తెలిసింది.

సైటులో దిగిన తరువాత చూస్తే సెంటర్ అన్న మాట ప్రతి డ్రాయింగు మీదా ఉంది, కాని అక్కడ అది చేసే పని వేరు. రెండో నెలలో కడ్డీలు కట్టేవాళ్ళు తక్కువపడి నన్ను నాలుగు రోజులు వాళ్ళతో పంపించారు. డ్రాయింగులో 16 మిల్లీమీటర్ల కడ్డీ, 150 సి/సి అని రాసి ఉంది. కడ్డీకీ కడ్డీకీ నడుమ 150 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని నేను అర్థం చేసుకున్నాను, ఎందుకంటే మా ఇంట్లో నడుమ అంటే ఖాళీయే: రెండు గోడల నడుమ, రెండు మంచాల నడుమ. సరిగ్గా ఆ కొలతకు ఒక చెక్కముక్క కోసుకొని, కడ్డీల మధ్య దాన్ని పెట్టి చూసుకుంటూ, వెంట్రుకవాసి తేడా రాకుండా కట్టాను. మధ్యాహ్నం తనిఖీకి వచ్చిన ఇంజినీరు టేపు తీయలేదు, కడ్డీలు లెక్కపెట్టాడు. 6 మీటర్ల వెడల్పులో 41 కడ్డీలు ఉండవలసిన చోట 37 ఉన్నాయి. సి/సి అంటే సెంటర్ టు సెంటర్, అంటే ఒక కడ్డీ నట్టనడుమ నుంచి పక్క కడ్డీ నట్టనడుమ వరకు 150. కడ్డీ మందం పోగా మిగిలే ఖాళీ 134 మాత్రమే. ఖాళీనే 150 ఉంచినందువల్ల నా చేతిలో ఆ దూరం 166 అయింది. ఆ రాత్రి దీపాల వెలుగులో కట్టుతీగలన్నీ తెంపి మళ్ళీ కట్టాము. మరునాడు కాంక్రీటు పోసేసి ఉంటే ఆ నాలుగు కడ్డీల లోటు ఎవరి కంటా పడకుండా స్లాబు లోపల ఉండిపోయేదన్న తలపు, తిన్న తిట్లకన్నా ఎక్కువ కాలం నన్ను వేధించింది.

అంచు నుంచి కాక సెంటర్ నుంచే ఎందుకు కొలుస్తారని ఆ తరువాత నన్ను నేను చాలాసార్లు అడుగుకున్నాను. జవాబు స్తంభాల దగ్గర దొరికింది. కింది అంతస్తులో 600 మిల్లీమీటర్లున్న స్తంభం పైకి పోయేకొద్దీ 500కు, 400కు తగ్గవచ్చు. దాని ముఖాలు లోపలికి జరుగుతాయి గాని, నిలువునా పోయే సెంటర్ గీత సాధారణంగా జరగదు. అందుకే కాగితం మీద ఆ గీతను మిగతా గీతల్లా కాకుండా ఒక పొడవు, ఒక పొట్టి ముక్కలుగా తెంచి గీస్తారు. అది కట్టడంలో కనిపించే వస్తువు కాదు, కాని కట్టడమంతా దాన్ని పట్టుకొనే లేస్తుంది. మా ఖిలా వరంగల్‌లో పుట్టిన ఎవరికైనా ఇది తేలికగా అర్థం కావాలి. అక్కడ నాలుగు దిక్కులా నాలుగు కాకతీయుల కీర్తితోరణాలు నిలిచి ఉన్నాయి. వాటి నడుమ ఉండిన స్వయంభూ శివాలయం మాత్రం కూలిపోయి, చెక్కిన రాళ్ళు నేల మీద పరచుకొని ఉన్నాయి. ఎదురెదురు తోరణాల మధ్య రెండు దారాలు లాగితే అవి ఒకదాన్నొకటి దాటే చోటు ఆ రాళ్ళలోనే పడుతుందని, చిన్నప్పుడు వాటి మీద ఆడుకున్నన్నాళ్ళూ నాకు తట్టలేదు. అంచులు మిగిలి ఉంటే పోయిన నడుమను కూడా వెతికి పట్టుకోవచ్చునన్నది ఎడారిలో స్తంభాలకు గీతలు వేస్తూ తెలుసుకున్నాను.

స్తంభం ఆ గీత నుంచి 20 మిల్లీమీటర్లు పక్కకు పోతే ఇంజినీర్లు దాన్ని ఎక్సెంట్రిక్ అంటారు. బరువు నడుమ నుంచి దిగవలసింది పక్క నుంచి దిగి స్తంభాన్ని వంచడానికి చూస్తుంది. మన గణిత పుస్తకాల్లో దీనికి ఉత్కేంద్రత అన్న మాట ఉంది. ఇంగ్లీషులో నలుగురిలా నడవని మనిషిని కూడా ఎక్సెంట్రిక్ అనే అంటారని తెలిసినప్పుడు, ఇళ్ళు కట్టేవాళ్ళ మాటకు, మనుషుల గురించి చెప్పుకొనే మాటకు వేరు ఒక్కటేనని అర్థమైంది.

ఆ వేరు కోసం వెతికితే గ్రీకు భాషలో కెంట్రాన్ అన్న మాట కనిపించింది. దానికి మొదటి అర్థం నడుమ కాదు, వాడి మొన, ఎద్దుల్ని అదిలించే ముల్లుగర్ర. వృత్తం గీసేటప్పుడు వృత్తలేఖినికి కదలకుండా గుచ్చి ఉంచే కాలును కూడా అదే మాటతో పిలిచారు. ఆ మొన గుచ్చుకున్న చోటు కాబట్టి వృత్తం నడుమకు ఆ పేరు వచ్చింది. ఇనుపరేకుకు బెజ్జం వేసే ముందు సుత్తితో ఒక చుక్క గుంట కొట్టుకోవడానికి మేము వాడే పనిముట్టును సెంటర్ పంచ్ అంటారు. ఆ పాత మొన అందులో ఇంకా బతికే ఉంది. ఇంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి, మన కేంద్రం కూడా ఆ గ్రీకు మాటే కావడం. గ్రీకుల ఖగోళ విద్యతోపాటు అది సంస్కృతంలోకి వచ్చింది. జాతకం చెప్పేవాళ్ళు కేంద్రాలని చెప్పే 1, 4, 7, 10 స్థానాలు చక్రం నడుమ ఉండేవి కావు, దాని నాలుగు దిక్కులా ఉండేవి. ట్రేడ్ టెస్టు కేంద్రం నుంచి మెడికల్ సెంటర్‌కు పరుగెత్తిన రోజున, ఒకే మాటకు రెండు రూపాలైన చోట్ల మధ్య తిరుగుతున్నానని నాకు తెలియదు.

వర్ణక్రమం గురించి ఎక్కువ చెప్పను. శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువు నాటి నుంచి బ్రిటిష్‌వాళ్ళకు ఈ మాట చివర ఆర్, ఇ అక్షరాలు, నోవా వెబ్‌స్టర్ 1828 నిఘంటువు నాటి నుంచి అమెరికావాళ్ళకు ఇ, ఆర్ అక్షరాలు. ఒకే సైటులో రెండు రకాల డ్రాయింగులూ వస్తాయి. అమెరికా పద్ధతి కాగితాల మీద సి/సి బదులు ఓ.సి. అని, అంటే ఆన్ సెంటర్ అని ఉంటుంది. మాట మారినా దూరం అదే.

నాకు అసలు కష్టం మిడిల్, సెంటర్ అన్న రెండు మాటల మధ్య తేడాతో వచ్చింది. తెలుగులో మధ్య, నడుమ అన్నవి ఎక్కడైనా ఒదుగుతాయి. నడిరాత్రి, నడివయసు, నడినెత్తి, నడిసముద్రం, చివరికి ఒంటిలో వంగే చోటైన నడుము కూడా ఆ మాటే. ఈ మధ్య అంటే ఇటీవల, మధ్యవర్తి అంటే ఇద్దరి తగువు తీర్చేవాడు. ఆ అలవాటులో ఒకరోజు సర్వే చేసే ఫిలిప్పీన్స్ మిత్రుడు ఫోన్ చేస్తే "ఐ యామ్ ఇన్ ది సెంటర్ ఆఫ్ వర్క్" అన్నాను. పనిలో ఉన్నానని నా ఉద్దేశం. ఆయన సాయంత్రం నా పక్కన కూర్చొని కాగితం మీద ఒక వృత్తం, ఒక పొడవాటి పట్టీ గీసి చూపించాడు. వృత్తానికి చుక్కలా ఒక సెంటర్ ఉంటుంది, పట్టీకి కొంత మేర పరచుకొన్న మిడిల్ ఉంటుంది. కాలానికీ, జరుగుతున్న పనికీ చుక్క లేదు కాబట్టి వాటికి మిడిల్ అనే అనాలి. దూలాలు లేకుండా స్తంభాల మీదే నిలిచే స్లాబులో స్తంభాల వరుసల నడుమ మిగిలే వెడల్పాటి భాగానికి మిడిల్ స్ట్రిప్ అని ఎందుకు పేరు పెట్టారో, గీతకు సెంటర్ లైన్ అని ఎందుకు పెట్టారో ఆ పూట స్పష్టమైంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు, నేను పని చేసిన యూఏఈలో మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధనను మిడ్‌డే బ్రేక్ అంటారు. పగటికి నడిమి చుక్క ఒకటి ఉన్నా, ఆ రెండున్నర గంటల నీడ పరచుకొన్న మేర. ఆ నీడలో నడుం వాల్చినవాడికి మిడ్ అన్న మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు.

మా గదిలో తెలుగువాళ్ళ మధ్య కూడా ఈ మాటతో చిక్కు వచ్చేది. గోదావరి జిల్లాల తమ్ముడు "సాయంత్రం సెంటర్లో ఉంటానండి" అంటే నాలుగు రోడ్లు కలిసే చోటు అని అర్థం. మేము దాన్ని చౌరస్తా అంటాము. నేను సిటీ సెంటర్ అనే మాల్ ముందు గంట సేపు నిలబడితే, ఆయన మా క్యాంపు పక్క కూడలిలో ఎదురుచూశాడు. ఆ రోజు ఇద్దరమూ ఇళ్ళకు డబ్బు పంపవలసి ఉంది, ఎక్స్ఛేంజి మూసేశారు.

ఇక మేము పని చేసిన ప్రాంతానికే మిడిల్ ఈస్ట్ అని పేరు. కరీంనగర్ నుంచో వరంగల్ నుంచో చూస్తే అది పడమర. హైదరాబాదులో విమానం ఎక్కి పొద్దుకుంకే దిక్కుకు ఎగిరి, దిగిన చోటును తూర్పు అని, అందులోనూ నడిమి తూర్పు అని పిలుస్తున్నామంటే, కొలిచే దారం ఒక కొస మన చేతిలో లేదన్నమాట. 1902లో అమెరికా నౌకాదళ అధికారి ఆల్ఫ్రెడ్ థేయర్ మహాన్ పర్షియా సింధుశాఖ పరిసరాల గురించి రాస్తూ వాడిన తరువాత ఆ పేరు వ్యాప్తిలోకి వచ్చింది. ఐరోపాకు దగ్గరి తూర్పు, దూరపు తూర్పు అని రెండు కొసలు అప్పటికే ఉన్నాయి, వాటి మధ్య మిగిలింది నడుమ అయింది. ఆ కొలతను తప్పు పట్టను, కాని సి/సి దగ్గర తిన్న దెబ్బ తరువాత ఎవరైనా ఇది మధ్య అంటే, ఏ అంచు నుంచి ఏ అంచుకు అని అడగకుండా ఉండలేను. మధ్యప్రాచ్యం అని మన పత్రికల్లో చదివినప్పుడల్లా ఆ ప్రశ్న నాకు గుర్తుకొస్తుంది.

2022లో సెలవు మీద వచ్చినప్పుడు మా సొంత తమ్ముడు ఇంటి మీద ఒక గది వేస్తున్నాడు. గది పొడవు 14 అడుగులు, అంటే 4.5 మీటర్ల లోపే. అంత స్లాబు కింది ఆసరాలు కనీసం 7 రోజులు ఉంచాలని మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది, 4.5 దాటితే 14 రోజులు. తమ్ముడు ఎనిమిదో రోజునే విప్పుదామన్నాడు. మోకాళ్ళ నొప్పులతో కుర్చీకే పరిమితమైన నాన్న, "పద్నాల్గు దినాలు కానీయ్" అన్నాడు. పద్నాలుగో రోజు పొద్దున కుర్రవాళ్ళిద్దరు గోడ వైపు కర్రల మీద సుత్తి వేయబోతుంటే నేను నోరు తెరిచాను. అట్లా విప్పితే బరువంతా నడిమి కర్ర మీద పడుతుంది, స్లాబు పై భాగం అక్కడ సాగి చీలుతుంది, ఆ పైన కడ్డీ ఉండదు. మిడ్ స్పాన్ నుంచి మొదలుపెట్టి గోడల వైపు రావాలని సైటులో నేర్చుకున్న మాట ఇంగ్లీషులోనే నా నాలుక మీదకు వచ్చింది. దాన్ని తెలుగులోకి మార్చుకొనేలోగానే వెనుక నుంచి నాన్న గొంతు వినిపించింది.

"నడిమిట్లది ముందు ఇప్పుండ్రి. గోడకాడియి ఆఖరికి."

కుర్రవాడు సుత్తి పట్టుకొని గది నడుమకు నడిచాడు.