అనాపొలిస్ గేటు దగ్గర రెండు రోజులు

అమెరికాకు వచ్చిన మొదటి పది రోజులు రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చేది. ఎలికాట్ సిటీలో మా అమ్మాయి వాళ్ల ఇల్లు చెక్క ఇల్లు కావడంతో నాలుగు అడుగులు వేసినా కింద పడుకున్న వాళ్లకు వినిపిస్తుంది. అందుకని మంచం మీదనే కూర్చొని, అల్లుడు ఇచ్చిన టాబ్లెట్‌లో పాత నలుపు తెలుపు టీవీ కార్యక్రమాలు వెతుక్కుంటూ ఉండేవాణ్ణి. అలా ఒక రాత్రి చేతికి చిక్కినది ‘మెన్ ఆఫ్ అనాపొలిస్’. 1957లో ప్రసారం మొదలైన ఈ కార్యక్రమం అమెరికా నౌకాదళ అకాడమీ విద్యార్థుల గురించినది. నేను పుట్టిన సంవత్సరమూ అదే కాబట్టి, ఒక్క భాగం చూసి నిద్రపోదామనుకున్నవాణ్ణి వరుసగా మూడు చూశాను.

ఇప్పటి సీరియళ్లలాగా ఒకే కుటుంబాన్ని ఏళ్ల తరబడి సాగదీయడం అందులో లేదు. ఏ భాగానికి ఆ భాగం విడి కథ. అరగంటలో ఒక కుర్రవాడు వస్తాడు, ఒక చిక్కులో పడతాడు, తేల్చుకుంటాడు, వెళ్లిపోతాడు. మరుసటి వారం ఇంకొకడు. దానిని తీసినది జివ్ అనే సంస్థ. సిన్సినాటికి చెందిన ఫ్రెడరిక్ జివ్ రేడియో కార్యక్రమాల అమ్మకంతో మొదలుపెట్టి టీవీలోకి వచ్చాడు. పెద్ద నెట్‌వర్కుల గుమ్మం తొక్కకుండా ఊరూరి టీవీ స్టేషన్లకు నేరుగా కార్యక్రమాలను అమ్ముకోవడం అతని పద్ధతి. అంతకు ముందు ఏడాదే, అంటే 1956లో, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ మీద ఇలాంటిదే తీశారు. అది నడిచింది కాబట్టి నౌకాదళం వంతు వచ్చింది. ఖర్చు తక్కువగా పెట్టారన్న సంగతి చూడగానే తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ల విద్యార్థులుగా నటించిన వారిలో కొందరికి నా కంటికి ముప్పై ఏళ్లయినా ఉంటాయి. అయినా, నిజం చెబితే నష్టం, దాస్తే అంతకన్నా నష్టం అన్న మలుపు దగ్గర ఆ ముఖాలు బిగుసుకోవడం చూస్తుంటే, తెల్లవారుజామున ఒంటరిగా కూర్చున్నవాడికి వాళ్ల వయసు లెక్క గుర్తు రాదు.

ఆ అకాడమీ ఉన్న అనాపొలిస్ ఊరు మా అమ్మాయి ఇంటికి ముప్పై మైళ్లు. ‘నయాగరా చూడు నాన్నా, న్యూయార్క్ చూడు నాన్నా’ అంటూ అది జాబితా చదువుతుంటే, నేను అనాపొలిస్ అన్నాను. అది సెప్టెంబరు మొదటి వారం. అల్లుడు ఆఫీసు పని వదలలేకపోవడంతో అమ్మాయి, నేను, మా ఆవిడ బయలుదేరాము. హండ్రెడ్ నంబరు రోడ్డు మీదుగా తొంభై ఏడు పట్టుకొని, ఫిఫ్టీ ఎక్కి, రో బులవార్డ్ దగ్గర దిగేసరికి గంట కూడా పట్టలేదు. కారు నిలిపే చోటు కోసం తిరగడానికి మాత్రం ఇంకో అరగంట పట్టింది. సందర్శకుల వాహనాలను అకాడమీ లోపలికి రానివ్వరు. బయట ఎక్కడో ఒక గ్యారేజీలో పెట్టి, దానికి గంటల లెక్కన రుసుము కట్టి, ఇటుకలు పరిచిన కాలిబాటల మీద నడిచి ప్రిన్స్ జార్జ్ వీధి చివర ఉన్న గేటుకు చేరాలి.

గేటు దగ్గర పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతివారూ గుర్తింపు చూపించాలి. అమ్మాయి తన కార్డు చూపించింది. మా ఆవిడ చేతిసంచిలోంచి పాస్‌పోర్టు తీసింది. ఆమె దానిని గుడికి వెళ్లినా వెంట ఉంచుకుంటుంది. నేను చొక్కా జేబులోంచి తీసినది నాలుగు మడతలు పెట్టిన పాస్‌పోర్టు జెరాక్సు. అసలు పుస్తకం పోతే ఈ దేశంలో దిక్కుండదని ఎవరో చెబితే, దానిని సూట్‌కేసు అడుగున పంచెల మధ్య భద్రపరచి వచ్చాను. అక్కడి యువకుడు ఎంతో మర్యాదగా, విదేశీయులు అసలు పాస్‌పోర్టే చూపించాలని చెప్పాడు. ఆధార్ కార్డు కూడా చూపించాను. దానిని అటూ ఇటూ తిప్పి, అంతే మర్యాదగా తిరిగి ఇచ్చాడు. తప్పు పూర్తిగా నాదే. కానీ తప్పు మనదైనప్పుడు వచ్చే కోపానికి పోవడానికి చోటు ఉండదు కాబట్టి, ఆ మధ్యాహ్నమంతా దారిన కనిపించిన ప్రతి ధర మీదా దానిని చూపించాను.

ముఖ్యంగా పీత వడ మీద. మేరీల్యాండ్‌లో క్రాబ్ కేక్ తినకుండా వెళ్లకూడదంటే, సిటీ డాక్ దగ్గర ఒక హోటల్లో కూర్చున్నాము. ధరల పట్టికలో దాని ఎదురుగా అంకె లేదు. ఆ పూట బజారు ధర అని మాత్రం ఉంది. ముప్పై ఐదేళ్లు లెక్కలు చెప్పిన మేష్టరును కాబట్టి అంకె లేని చోట నాకు అనుమానం వస్తుంది. బిల్లు వచ్చాక అది నిజమైంది. ముగ్గురికీ అయిన మొత్తంతో భీమిలి రేవులో ఒక గంపెడు పీతలు కొని, వీధి అంతటికీ ఇగురు వండిపెట్టవచ్చు. రుచి బాగుంది, కాదనను. పిండి అతి తక్కువగా కలిపిన మంచి పీత మాంసం. అయితే కారం లేదు, పులుపు లేదు, పెంకు కొరికి రసం పీల్చే శ్రమా లేదు. పీతను అంత మెత్తగా తినడం మాకు అలవాటు లేని పని. తిన్నాక మేరీల్యాండ్ శాసనసభ భవనమైన స్టేట్ హౌస్ చూశాము. 1783 డిసెంబరు 23న జార్జి వాషింగ్టన్ సేనాధిపతి పదవికి రాజీనామా ఇచ్చిన గది అందులోనే ఉంది. మామూలు రోజైతే అక్కడ నేను గంట నిలబడేవాణ్ణి.

తిరుగు దారిలో అమ్మాయి, “అంత ముఖం మాడ్చుకోవడం దేనికి నాన్నా, రేపు మళ్లీ వద్దాం” అంది. నా ముఖం మాడినది ఆ రోజు గేటు వల్ల మాత్రమే కాదని దానికి తెలియదు.

చిన్నప్పుడు విజయనగరం స్టేషన్లో, సెలవులకు ఇళ్లకు వెళ్లే కోరుకొండ సైనిక్ స్కూలు పిల్లలను చూసేవాణ్ణి. 1962లో మొదలైన బడి అది. నా వయసు పిల్లలే, నల్ల ట్రంకు పెట్టెల పక్కన వరుసగా నిలబడి, రైలు ఆలస్యమైనా ఒంగేవారు కాదు. వాళ్లలాగా నిలబడడం కోసం నేను గోడకు వీపు ఆనించి సాధన చేసేవాణ్ణి. 1974లో సైనికాధికారుల శిక్షణకు తీసుకునే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాశాను, ప్యాసయ్యాను, ఇంటర్వ్యూ కూడా దాటాను. ఆ తరువాత ఒక మిలిటరీ ఆసుపత్రిలో, రంగురంగుల చుక్కలున్న పుస్తకం నా ముందు తెరిచి అందులో ఏ అంకె కనిపిస్తోందో చెప్పమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి. పేజీ తిప్పారు, మళ్లీ చుక్కలే. ఓడ మీద ఎర్ర దీపానికీ పచ్చ దీపానికీ తేడా పోల్చలేనివాడు పనికిరాడని ఒక్క వాక్యంలో చెప్పి పంపించారు. అది న్యాయమే. ఆ అంకెలు కనిపించనివాణ్ణి ఆ తరువాత బతుకంతా అంకెలతోనే గడిపాను. ఆ రాత్రి ఇంకొక రెండు భాగాలు చూస్తూ, ఇప్పటివరకు నేను చూసినవాటిలో గేటు దాటి లోపలికి వచ్చినవాడి కథే గాని, చుక్కల పుస్తకం దగ్గర ఆగిపోయినవాడి కథ ఒక్కటీ లేదని గమనించాను.

మరునాడు పాస్‌పోర్టుతో వెళ్లాను. అదే గేటులో నిలబడిన మరొక యువకుడు దానిని క్షణం చూసి ఇచ్చేశాడు. ఇంత తేలికైన పనికి నిన్న అంత దూరం వచ్చి వెళ్లామా అని మా ఆవిడ ఉత్తరాంధ్ర యాసలో నాలుగు మాటలు అనుకుంది.

లోపల ప్రదేశాన్ని వాళ్లు యార్డ్ అంటారు. సెవర్న్ నది సముద్రపు ఖాతంలో కలిసే చోట, పాత ఫోర్ట్ సెవర్న్ కోటలో 1845 అక్టోబరు 10న, యాభైమంది విద్యార్థులతో, ఏడుగురు ఆచార్యులతో మొదలైంది ఈ బడి. చాపెల్ కింద జాన్ పాల్ జోన్స్ సమాధి ఉంది. 1792లో పారిస్‌లో పోయిన ఆ నావికుడి శవాన్ని 1905లో వెతికి పట్టుకొని ఓడల మీద తెచ్చి, 1913లో ఇక్కడ పెట్టారు. నల్ల చారల పాలరాయి, కంచు డాల్ఫిన్లు, కదలకుండా నిలబడిన కాపలావాడు. చూడదగినదే. కానీ మధ్యాహ్నం పన్నెండింటికి జరిగేది చూడాలని నాకు తొందర.

పనిదినాలలో, వాతావరణం అనుకూలిస్తే, మధ్యాహ్న భోజనానికి ముందు విద్యార్థులు బాన్‌క్రాఫ్ట్ హాల్ ఎదుట బారులు తీరుతారు. దాదాపు 4,400 మంది ఆ ఒక్క భవనంలోనే నివసిస్తారు. ఎదురుగా టెకుమ్సే అనే కంచు విగ్రహం ఉంది. డెలావేర్ అనే పాత యుద్ధనౌక ముందు భాగాన ఉండిన చెక్క బొమ్మకు అది నకలు. నిజానికి ఆ బొమ్మ టామనెండ్ అనే శాంతికాముకుడైన ఆదివాసీ నాయకుడిది. విద్యార్థులకు ఆ పేరు రుచించక యోధుడి పేరు పెట్టుకున్నారు. పరీక్షలకు వెళ్లేటప్పుడు గట్టెక్కించమని దాని మీద చిల్లర నాణేలు విసురుతారు. మా బడిలో పిల్లలు హాల్ టికెట్లను ఆంజనేయస్వామి పాదాల దగ్గర పెట్టి తీసుకునేవారు కాబట్టి, ఈ భక్తి నాకు కొత్త కాదు.

ఆ విగ్రహం నీడలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతికర్ర, మెడలో దుర్భిణి. డెబ్బై ఆరేళ్లట. ఒహాయో నుంచి మనవడిని చూడడానికి వచ్చాడు. మనవడు మొదటి సంవత్సరం, అంటే ఇక్కడి మాటలో ప్లీబ్. వేసవిలో ఏడు వారాల శిక్షణ ముగించి కొత్తగా బారులో చేరాడు. ముందుగా చెప్పకుండా వచ్చానని, దూరంనుంచి ఒకసారి చూసి వెళ్లిపోతానని అన్నాడు. మాటల్లో నేను ఆ పాత కార్యక్రమం సంగతి ఎత్తగానే ఆయన కర్రను ఒక చేతి నుంచి రెండో చేతికి మార్చుకున్నాడు. ఆయనది సిన్సినాటి. ఎనిమిదేళ్లప్పుడు ఇంట్లో నేల మీద బోర్లా పడుకొని అది చూసేవాడట. నౌకాదళం అనుకున్నాడు, పందొమ్మిది దాటగానే సైన్యం నుంచి పిలుపు వచ్చి వియత్నాం బురదలోకి పంపించారు. “ఓడ దగ్గరగా చూసింది తిరిగొచ్చాకే, మ్యూజియంలో” అన్నాడు. మా విశాఖ తీరంలో ఇసుక మీదికి చేర్చిన కుర్సురా అనే జలాంతర్గామి ఉందని, నేనూ టికెట్టు కొనే ఎక్కానని చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాము.

ప్లీబులకు మాట్లాడడానికి ఉన్న జవాబులు ఐదేనని ఆయన చెప్పాడు. ఔను, కాదు, చిత్తం, సాకు లేదు, కనుక్కొని చెబుతాను. ‘తెలియదు’ అన్న మాట ఆ ఐదింటిలో లేదు. అబద్ధం ఆడకూడదు, మోసం చేయకూడదు, దొంగిలించకూడదు అన్నది వాళ్ల గౌరవ నియమం. మే నెలలో ఇరవై ఒక్క అడుగుల హెర్న్‌డన్ స్తంభానికి కొవ్వు పూసి, తోటివాళ్ల భుజాల మీదుగా ఎక్కించి, కొనన ఉన్న టోపీ మార్పించాకే వాళ్లకు ప్లీబ్ అన్న పేరు పోతుంది. ఆ రోజుకు తాను ఉంటానో లేదోనని, అందుకే ఇప్పుడు వచ్చానని, ఏ బరువూ లేకుండా చెప్పాడు.

డప్పులు మొదలయ్యాయి. తలుపులన్నిటి నుంచీ తెల్లని దుస్తులు బయటికి పొంగి, నిమిషాలలో గీత గీసినట్లు ఆగిపోయాయి. నేను చూసిన నలుపు తెలుపు భాగాలలో అందరూ మగపిల్లలే. 1976 నుంచి ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు. ఇప్పుడు కేక వేసి హాజరు చెప్పేవారిలో సన్నని గొంతులు ఎన్నో వినిపించాయి. పెద్దాయన దుర్భిణి పెట్టుకున్నాడు, తీశాడు, నాకు ఇచ్చాడు. ఎడమవైపు మూడో వరుస, పొడుగువాడు అన్నాడు. ఎడమవైపు మూడో వరుసలో అందరూ పొడుగువాళ్లే. ఒకే టోపీ, ఒకే భుజం, ఒకే చూపు. మళ్లీ ఆ చుక్కల పుస్తకమే నా ముందు తెరిచినట్లు అయింది.

వాద్యం మారి, వరుసలు భోజనశాల వైపు కదిలాయి. ఆ వేలమందీ ఒకేసారి కూర్చొని ఇరవై నిమిషాలలో తినేస్తారట. ఒక బారు మెట్ల మీదికి తిరుగుతుండగా పెద్దాయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “అడుగో. వాడే. నన్ను చూశాడు.” అటు చూశాను. ఒక్క తల కూడా తిరగలేదు. బారులో ఉన్నప్పుడు కళ్లు ముందుకే ఉండాలి. పక్కచూపు పెద్ద తప్పు. “చూశాడు కదా? మీరూ గమనించారు కదా?” అని ఆయన అడిగాడు.

గమనించానని చెప్పాను. వెనక నుంచి అమ్మాయి, గ్యారేజీలో మూడో గంట లెక్క మొదలవుతోంది రమ్మని చేయి ఊపింది.