ఏ గట్టు ఎక్కాలి?

అగ్నిపర్వతం అనగానే అందరికీ లావానే గుర్తొస్తుంది. లావా సాధారణంగా నెమ్మదిగా పాకుతుంది, మనిషి నడిచి తప్పించుకోగలడు. ప్రాణాలు తీసేవి ఎక్కువగా వాలు వెంట దూసుకొచ్చే వేడి బూడిద, వాయువుల మేఘం, నదుల్లో దిగే బురద వరద. అగ్నిపర్వతం దగ్గరి ఊరివాళ్ళకు ముందు చెప్పాల్సింది ఇదే.

1985 నవంబర్ 13 రాత్రి కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలింది. పెద్ద పేలుడేం కాదు. కానీ శిఖరం మీద మంచు కరిగి, బురదై, దాదాపు రెండున్నర గంటల్లో అర్మేరో ఊరిని ముంచేసింది. మొత్తం సుమారు 23 వేల మంది పోయారు. ప్రమాద పటం నెల ముందే సిద్ధమైంది, అందులో అర్మేరో ఉంది కూడా. పటం గీస్తే సరిపోదు, అది ఇంటింటికీ అర్థం కావాలి.

అందుకే తప్పించుకోవడానికి ఎంత సమయం ఉందో లెక్క ఊరివాళ్ళ చేతే వేయించండి. బురద 40 నిమిషాల్లో వస్తుందనుకుందాం. దాన్ని పసిగట్టి ఖాయం చేసుకోవడానికి 5, సైరన్ విని ఇల్లు వదలడానికి 10 పోతే మిగిలేది 25. ముసలివాళ్ళు, పిల్లలు గంటకు మూడు కిలోమీటర్లు నడిచినా ఒకటింపావు కిలోమీటరే. రెండు కిలోమీటర్ల అవతలి బడిని ఆశ్రయంగా రాసిపెడితే అది కాగితం మీదే. దగ్గర్లోని ఎత్తైన గట్టు చూసుకోవాలి, దారిలో వంతెన దాటే పని ఉండకూడదు. ఒకసారైనా రాత్రిపూట, అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టి నడిచి చూడాలి. జపాన్‌లో, 1914లో పెద్దగా పేలిన సకురాజిమా అగ్నిపర్వతం దగ్గర ఏటా ఇలాంటి సాధన చేస్తారు.

1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం చుట్టూ ఖాళీ చేయించే పరిధిని 10 నుంచి 20, 30, చివరికి 40 కిలోమీటర్లకు పెంచుతూ పోయారు. నమ్మనివాళ్ళకు వేడి మేఘం ఎలా ఉంటుందో వీడియో చూపించారు. మాటలకంటే అదే బాగా పనిచేసింది. అయినా ప్రధాన విస్ఫోటనం రోజే తుఫాను వచ్చి బూడిద తడిసింది. చాలామంది పైకప్పులు కూలి చనిపోయారు. పది సెంటీమీటర్ల తడి బూడిద చదరపు మీటరుకు 100 నుంచి 200 కిలోల బరువు. కాబట్టి పైకప్పు మీది బూడిదను పలచగా ఉన్నప్పుడే, వాన రాకముందే ఊడ్చాలి. దుమ్ము లేవకుండా చిలకరిస్తే చాలు, పైపుతో నీళ్ళు కొట్టకూడదు. ఎన్95 మాస్కు, దుమ్ము పడకుండా కళ్ళను మూసి ఉంచే అద్దాలు ఉండాలి. నిచ్చెనకు కింద మరో మనిషి ఉండాలి, ఊడ్చేటప్పుడు జారిపడేవాళ్ళు చాలామంది. వాననీటి ట్యాంకుకు వెళ్ళే గొట్టాన్ని బూడిద పడకముందే విడదీయాలి.