మన తీరంలో పొద్దు నీళ్లలోకి దిగదు

విజయవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లు. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక ఇంకాస్త దగ్గర. అయినా టీనేజీ పిల్లల నవల్లో సముద్రం వచ్చిందంటే చాలు, సాయంత్రం సూర్యుడు నీళ్లలో మునిగిపోతుంటాడు. మనది తూర్పు తీరం. పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, సరుగుడు తోటల వెనక కుంకుతుంది.

ఇంకో పొరపాటు వెన్నెల వేట. ప్రేమ సన్నివేశానికి బాగుంటుందేమో గానీ, వెన్నెల్లో చేపకు వల కనబడిపోతుంది. చేప మొప్పల దగ్గర చిక్కుకునే గిల్ వలకు చీకటి రాత్రే మేలు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. కథలో తిథి చెబితే కెరటం ఎంతదాకా వచ్చిందో దానికి తగ్గట్టే ఉండాలి.

అసలు చిక్కు సెలవులతో. వేసవి సెలవుల్లో నాన్నతో బోటెక్కి వేటకెళ్లే కుర్రాడు ఇలాంటి కథల్లో తరచూ కనబడతాడు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. 2015కి ముందు ఇది దాదాపు నెలన్నరే. పాత కాలం కథయితే ఆ లెక్క వేసుకోవాలి. మన బడి సెలవులు దాదాపు మొత్తంగా ఈ నిషేధంలోనే పడతాయి. నిజాంపట్నం హార్బర్లో మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి, ఇంజన్ బిగించిన ఫైబర్ బోట్లకూ సెలవే. ఇంజన్ లేని తెప్పకు మాత్రం ఈ నిషేధం లేదు. కుర్రాణ్ని ఎలాగైనా నీళ్ల మీదికి పంపాలంటే తాత తెప్ప ఒకటి కథలో ముందే ఉండాలి. నాకైతే ఇదే మంచి ముడి: ఇంటికి రాబడి ఆగిన రెండు నెలలు, ఒడ్డున పాత తెప్ప, చేతినిండా ఖాళీ.

మాటల సంగతి. మరబోటు నడిపేది కెప్టెన్ కాదు, సరంగు. తక్కినవాళ్లు కలాసీలు. లోతు మీటర్లలో చెప్పుకోరు, బారల్లో చెప్పుకుంటారు. బార అంటే దాదాపు ఆరడుగులు. ఒడ్డున నెత్తళ్లు అనే చిన్న చేపలు ఎండబెట్టే అమ్మకు సముద్రం కన్నా ఆకాశం మీదే చూపు. ఒక్క జల్లు పడితే ఎండినదంతా మెత్తబడి పురుగు పడుతుంది.

నిషేధం రోజుల్లో చేతికి పనంటే వల బాగుచెయ్యడం. దాన్ని ఒక్క వాక్యంలో దాటెయ్యకండి. చిరుగును ఉన్నదున్నట్టు కుట్టరు. ముందు కత్తితో ఇంకా పెద్దది చేస్తారు. కొత్తగా చూసే పిల్లకు వల పాడుచేస్తున్నట్టే అనిపిస్తుంది. పైన ఒక ముడికి మూడు పోగులు మిగిల్చి అక్కడ మొదలెడతారు, కింద అలాంటిదే ఇంకో ముడి దగ్గర ముగిస్తారు. మధ్యలో ప్రతి ముడికీ రెండేసి పోగులే ఉండేలా కోస్తారు. ఆ లెక్క తప్పితే అల్లిక చివర ఒక కన్ను, అంటే వల గడి, ఎక్కువో తక్కువో అవుతుంది. కన్ను కొలత తప్పకుండా చెక్క ముక్క అడ్డం పెట్టుకుంటారు. నైలాన్ పోగు నున్నగా ఉంటుంది, ముడి పూర్తిగా బిగియకముందే వేలు వదిలితే జారుతుంది. అక్కడ కన్ను సాగిపోయి వల ఒక పక్కకు గుంజుతుంది. అంతవరకు కోసి మళ్లీ అల్లాల్సిందే.