ఓడి బతికిపోయిన కుర్రాడు

శనివారం రాత్రి, ఫ్రిస్కో (టెక్సస్)

పగలంతా బయట కాలు పెట్టే పరిస్థితి లేదు. ఇక్కడి జూలై ముందు మన రెంటచింతల ఎండ కూడా దిగదుడుపేనని నాన్న తేల్చేశారు. పొద్దున ఇండియన్ స్టోర్‌కి వెళ్లి దొండకాయలు, కరివేపాకు తెచ్చాం. మధ్యాహ్నం బట్టలు ఉతకడం, కాస్త కునుకు. సాయంత్రానికి ఎక్కడా క్రికెట్ లేదని తేలాక, నాన్నకి కాలక్షేపం కావాలి కదా అని బేస్‌బాల్ పెట్టాను.

చూస్తే బంతులు వేసే ఒక కుర్రాడి మొదటి మేజర్ లీగ్ మ్యాచ్, ఇక్కడి బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై మెట్టు. పేరు రాయను. ఈపాటికి ఆ పేరు పట్టుకుని ఊరంతా తిడుతూనే ఉంటుంది, నా వంతు ఎందుకు.

నాన్నకి రూల్స్ చెప్పడం పెద్ద కష్టం కాలేదు. ఆయన దృష్టిలో పిచర్ అంటే బౌలరే, నేనూ సరిదిద్దలేదు. నాలుగు బంతులు చూసి, "ఏంట్రా, అన్నీ వైడ్లే వేస్తున్నాడు?" అన్నారు. నిజమే. బ్యాటర్ పక్కన నేల మీదుండే ప్లేటు వెడల్పు 17 అంగుళాలు. దాని మీదుగా, బ్యాటర్ మోకాళ్లకి ఛాతీకి మధ్యలోంచి బంతి పోవాలి, అదీ అరవై అడుగుల ఆరు అంగుళాల దూరం నుంచి. క్రికెట్‌లో వైడ్ పడితే ఒక పరుగు ఇచ్చుకుని మళ్లీ వేస్తారు. ఇక్కడ నాలుగు తప్పాయంటే, బ్యాటర్ బ్యాట్ పక్కన పడేసి తాపీగా నడుచుకుంటూ మొదటి బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి పోతాడు. దాన్ని వాక్ అంటారు. కొట్టించుకుంటే కనీసం ఎదుటివాడు బాగా కొట్టాడని సర్దిచెప్పుకోవచ్చు. వాక్‌కి ఆ సాకు కూడా ఉండదు.

పైగా 2023 నుంచి గడియారం ఒకటి పెట్టారు. బేసుల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లు, ఉంటే ఇప్పుడు 18. ఆలోగా వేయడం మొదలుపెట్టకపోతే ఒక బాల్, అంటే తప్పు బంతి, అతని ఖాతాలో పడుతుంది. మన బౌలర్‌కి కంగారొస్తే షూ లేసు కట్టుకుంటాడు, కెప్టెన్‌ని పిలిచి పాయింట్‌లో ఉన్నవాణ్ని రెండడుగులు జరిపిస్తాడు, ఈలోపు ఊపిరి కుదురుతుంది. వీడికి ఆ వెసులుబాటు లేదు. చెయ్యి జారకుండా రాసుకునే రాజిన్ పొడి సంచీ తీసి చేతిలో ఎగరేయడం, ఆ చెయ్యి ప్యాంటుకి తుడుచుకోవడం, మళ్లీ సంచీ. మొదటి ఇన్నింగ్స్ (ఇక్కడ మ్యాచ్‌కి తొమ్మిది, జట్టులో ముగ్గురు ఔటైతే దాని వంతు అయిపోతుంది) ముగిసేసరికి కుడి తొడ మీద తెల్లగా అరచెయ్యి ముద్ర, వేళ్లతో సహా పడిపోయింది. తడి సున్నం గోడకి చెయ్యి ఆనించినవాడిలా ఉన్నాడు.

ఈ టీవీ వాళ్లకి ఒక పాడు అలవాటు ఉంది. కొత్త కుర్రాడు ఆడుతుంటే స్టాండ్స్‌లో వాళ్ల అమ్మానాన్నల్ని వెతికి పట్టుకుంటారు. ఒక వాక్, కెమెరా అమ్మ మీద. ఒక హిట్, మళ్లీ అమ్మ మీదే. ఆవిడ రెండు చేతులూ ముక్కు దగ్గర జోడించి, కళ్లు మాత్రం బయటపెట్టి చూస్తోంది. ఇటు మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తి, "ముందు ఆవిడ మీంచి ఆ కెమెరా తియ్యమనండిరా" అంది. ఈ రోజు విన్న కామెంటరీ మొత్తంలో సరైన మాట అదొక్కటే.

రెండో ఇన్నింగ్స్‌లోనే మేనేజర్ (మన కోచ్ లాంటివాడు) వచ్చి చెయ్యి చాపాడు. కుర్రాడు బంతి ఇచ్చేసి దిగిపోయాడు. "ఇక వీడి పని అయిపోయినట్టేనా?" అన్నారు నాన్న.

అలా ఏం కాదని పాత పిచర్ టామ్ గ్లావిన్ సంగతి చెప్పాను. 1987 ఆగస్టులో ఇదే టెక్సస్‌లో, హ్యూస్టన్‌లో అతని మొదటి మ్యాచ్. నాలుగు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు, ఆరు పరుగులిచ్చాడు. ఆ తర్వాత 305 మ్యాచులు గెలిచి 2014లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఈ ఆట మహామహుల వరసలో చేరాడు. నాన్నకి అది ఆనలేదు. "మనవాళ్లెవరూ లేరా ఇందులో?" అన్నారు. ఉన్నాడు కదా, కుమార్ రాకర్. వాళ్లమ్మ లలిత తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినవాళ్లు. మోచేతికి ఆపరేషన్ చేయించుకుని, మా ఊరి చిన్న లీగ్ జట్టులో కూడా ఆడి, 2024 సెప్టెంబరులో ఇక్కడి పెద్ద జట్టు టెక్సస్ రేంజర్స్ తరఫున సియాటిల్‌లో మొదలుపెట్టాడు. నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగుర్ని స్ట్రైకవుట్ చేశాడు, అంటే మూడు స్ట్రైకులతో ఔట్ చేశాడు. మొదటి రోజు బాగా ఆడాడు, కష్టాలు తర్వాత మొదలయ్యాయి. "కుమార్" అన్న పేరు వినగానే నాన్న సోఫాలో ముందుకి జరిగి కూర్చున్నారు.

వాళ్లు పడుకున్నాక కూడా నాకు వేరే ఇద్దరు కుర్రాళ్లు బుర్రలోంచి పోవడం లేదు. అందుకే ఇది రాస్తున్నా.

ఒకడు జో నక్సాల్. 1944 జూన్ 10, సిన్సినాటి. నార్మండీలో సైన్యం దిగి నాలుగు రోజులైంది. పెద్ద ఆటగాళ్లలో చాలామంది యుద్ధానికి పోయారు, జట్లకి మనుషులు చాలక పిల్లల్ని కూడా పట్టుకొస్తున్నారు. నక్సాల్‌కి పదహారు నిండలేదు, చదువు తొమ్మిదో తరగతి. జట్టు 13-0తో చిత్తుగా ఓడిపోతోంది, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నువ్వెళ్లు అన్నారు. లేచిన కంగారులో డగౌట్ మెట్టు తట్టుకుని బోర్లా పడ్డాడు. అప్పటిదాకా ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి బంతులేసినవాడు. మొదట్లో ఇద్దర్ని ఔట్ చేశాడు కూడా. ఇంతలో అవతల ఉన్నది స్టాన్ మ్యూజియల్ లాంటి మేటి బ్యాటర్లని బుర్రకెక్కింది. ఐదు వాకులు, రెండు హిట్లు, ఐదు పరుగులు. మూడో ఔట్ తియ్యకుండానే దింపేశారు. మ్యాచ్ 18-0.

అయితే దింపేసి ఏం చేశారు? పంపించేశారు. చిన్న లీగ్‌కి పోయాడు, అక్కడా కుదరక సొంతూరు హామిల్టన్ వెళ్లి హైస్కూల్లో చేరాడు. మళ్లీ మేజర్ లీగ్ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) ఎక్కింది 1952లో. మధ్యలో ఎనిమిదేళ్లు అతని కోసం ఎవరూ టికెట్ కొనలేదు, అతని తల్లి మీద కెమెరా పెట్టలేదు. మొత్తం 135 మ్యాచులు గెలిచాడు, ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే జట్టుకి రేడియోలో కామెంటరీ చెప్పాడు.

రెండోవాడు డేవిడ్ క్లైడ్. ఇది మా ఇంటికి దగ్గరి కథ, ఆర్లింగ్టన్‌ది. హ్యూస్టన్ హైస్కూల్లో ఆఖరి ఏడాది పద్దెనిమిది గెలుపులు, ఒక్క ఓటమి లేదు. 1973 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే కార్యక్రమంలో, అందరికంటే ముందు రేంజర్స్ అతన్ని తీసుకున్నారు. జట్టు వాషింగ్టన్ నుంచి ఇక్కడికి వచ్చి ఏడాదే, జనం రావడం లేదు, ఓనర్ బాబ్ షార్ట్‌కి డబ్బు ఇబ్బంది. కుర్రాడు బడి వదిలిన మూడు వారాలకే, జూన్ 27న, పద్దెనిమిదేళ్ల వయసులో నేరుగా మౌండ్ ఎక్కించేశాడు. 35,698 మంది వచ్చారు. ఆ స్టేడియం నిండడం అదే మొదటిసారి. రోడ్లన్నీ జామ్ అయిపోతే జనం లోపలికి వచ్చేదాకా మ్యాచ్ కాసేపు ఆపారు.

మొదటి ఇద్దరికీ వాక్. ఇవాళ్టి కుర్రాడికి పట్టిన దెయ్యమే. కానీ క్లైడ్ తర్వాత ముగ్గుర్ని వరసగా స్ట్రైకవుట్ చేశాడు. ఐదు ఇన్నింగ్స్‌లో ఒకటే హిట్ ఇచ్చాడు, ఎనిమిది స్ట్రైకవుట్లు. గెలిచాడు. ఏడు వాకులు కూడా ఇచ్చాడు మరి, ఆ రాత్రి వాటిని ఎవరు లెక్కపెడతారు?

నాకు మింగుడు పడనిది ఇదే. రెండు మ్యాచులు ఆడించి చిన్న లీగ్‌కి పంపాలని ముందే అనుకున్నారు, మేనేజర్ వైటీ హెర్జాగ్ అభిప్రాయమూ అదే. ఆ ఏడు వాకులు చెబుతున్నదీ అదే, ఈ చెయ్యికి ఇంకా అదుపు రాలేదు, నేర్పించాలి అని. కానీ గేటు దగ్గర డబ్బు చూశాక ఓనర్ వదల్లేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందామనుకున్నాడు. కాలిపోయిన వత్తి కుర్రాడిది. ఆ సీజన్ 4 గెలుపులు, 8 ఓటములు. తర్వాత భుజం పాడైంది. ఇరవైల్లోనే ఆట అయిపోయింది, మొత్తం మీద 18 గెలుపులు, 33 ఓటములు.

ఆ రాత్రి క్లైడ్‌కి కూడా రెండో ఇన్నింగ్స్‌లోనే పది పరుగులు కొట్టేసి ఉంటే బాగుండేదేమో అనిపిస్తుంది నాకు. మర్నాడే సామాను సర్దించి చిన్న ఊరికి పంపేవాళ్లు. ఏ బస్సులోనో తిరుగుతూ, ఓపికున్న కోచ్ దగ్గర నాలుగేళ్లు నేర్చుకునేవాడు. గెలవడమే అతని కొంప ముంచింది. ఇవాళ్టి కుర్రాణ్ని కూడా రేపో ఎల్లుండో ట్రిపుల్-ఏకి (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది లీగ్) పంపేస్తారు, అది మంచికే. వాళ్లమ్మకి ఈ మాట చెప్పేవాళ్లెవరైనా పక్కన ఉంటే బాగుణ్ను.

మిగతావాళ్ల సంగతి చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. హెర్జాగ్‌ని అదే సెప్టెంబరులో తీసేశారు. బాబ్ షార్ట్ మరుసటి ఏడాది జట్టునే అమ్మేసుకుని వెళ్లిపోయాడు. క్లైడ్ మాత్రం మామగారి కలప వ్యాపారంలో చేరి పని చేసుకున్నాడు. ఆటగాళ్ల పెన్షన్ రావాలంటే అప్పట్లో నాలుగేళ్ల సర్వీసు ఉండాలి. అతనికి 37 రోజులు తక్కువైంది.

రేపు కాఫీ తాగేటప్పుడు నాన్నకి ఇది చెప్పాలి. రిటైరైన మాస్టారు, సర్వీస్ రిజిస్టర్‌లో ఒక ఇంక్రిమెంట్ తప్పు పడితే ఏడాదంతా ఆఫీసు మెట్లెక్కి దిగిన మనిషి. గ్లావిన్ గెలుపులు ఆనకపోయినా, ఈ 37 రోజుల విషయంలో ఊరుకోరు. ఎవరికి అర్జీ పెట్టాలో కనుక్కోమని నా ప్రాణం తీస్తారు.