లవంగాల డబ్బీకి వెండి తీగ పని: ఆరో వారం

నాలుగు పలకల్లో మూడు అయ్యాయి. నాలుగోది మొన్న గురువారం రాత్రి కరిగిపోయింది.

నేను చేస్తున్నది యూదుల ఇళ్లలో శనివారం రాత్రి వాడే సుగంధ ద్రవ్యాల డబ్బీ. వాళ్ల విశ్రాంతి దినం షబ్బాత్. శనివారం ఆకాశంలో మూడు నక్షత్రాలు కనపడ్డాక హవ్దాలా అనే ప్రార్థనతో దాన్ని సాగనంపుతారు. ద్రాక్షారసం, సుగంధం, జడలా అల్లిన కొవ్వొత్తి ఉంటాయి. షబ్బాత్ నాడు మనిషికి తోడుగా వచ్చిన అదనపు ఆత్మ వెళ్లిపోతుందని, ఆ దిగులు తగ్గడానికే వాసన చూస్తారని చెబుతారు. న్యూజెర్సీలో మా పక్కింటి పెద్దావిడ మామూలు గాజు సీసాలో లవంగాలు పోసి అందరికీ అందించడం చూశాను. నేను కరీంనగర్‌లో పెరిగినదాన్ని. వెండి తీగతో అల్లిన అత్తరుదానులు చూసిన కళ్లు ఇవి. వాసన బయటికి రావాల్సిన వస్తువుకి తీగ పని కంటే ఏం కావాలి? విడిగా రంధ్రాలు పెట్టక్కర్లేదు, అల్లికంతా సందులే.

నేను యూదురాలిని కాను కదా, చేసిస్తే వాడతారా అని అడిగితే ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. యూరప్‌లో చాలా ఊళ్లలో యూదులను కంసాలి సంఘాల్లో చేర్చుకునేవారు కాదట, అందుకే అక్కడి పాత డబ్బీలు ఎన్నో క్రైస్తవులు చేసినవే. గోపురం ఆకారం, కొసన చిన్న జెండా ఆ డబ్బీల నుంచే తీసుకున్నాను. తీగ పనిలో మాత్రం నాకు గురువులు యెమెన్ యూదు కంసాలులు. 1906లో యెరూషలేములో మొదలైన బెజాలెల్ కళాశాలలో వాళ్లు చేసిన వస్తువుల ఫొటోలు ముందు పెట్టుకునే కూర్చుంటాను.

పలక 3 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తు. చట్రానికి 1 మి.మీ. స్టెర్లింగ్ (కొంచెం రాగి కలిసిన వెండి) తీగ. లోపలి చుట్టలకి 0.3 మి.మీ. స్వచ్ఛమైన వెండి. రెండు పోగులు కలిపి హ్యాండ్ డ్రిల్‌కి తగిలించి పురి పెడతాను, మధ్యలో ఒకసారి ఎర్రగా కాచి మెత్తబరిస్తే తెగదు. తర్వాత రోలర్ మధ్య నొక్కితే అంచు మీద సన్నని పళ్లు వస్తాయి. ఆ పళ్ల మీద వెలుగు పడితేనే తీగ పనికి అందం.

చుట్టలు చట్రంలో బిగుతుగా కూరాలి. వదులుగా ఉంటే టంకం ఆ సందు దాటదు. టంకాన్ని ఆకురాయితో పొడి చేసి, వెలిగారం పొడి కలిపి పైన చల్లుతాను. మంట తగలగానే వెలిగారం తెల్లగా పొంగుతుంది, కాసేపటికి అణిగి గాజులా పారదర్శకమవుతుంది. ఆ తర్వాత ఒక్క క్షణం చుట్టల మధ్య మెరుపు గీత పరుగెడుతుంది. అప్పుడే మంట తీసేయాలి.

నాలుగో పలకకి ఆ క్షణం దాటిపోయింది. చట్రం మందం, వేడెక్కడానికి టైం పడుతుంది. నేను కంగారులో మంట మధ్యలో పెట్టాను. వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంత సన్నని తీగకి అక్కడికి చేరడం ఎంతసేపు! ఐదు చుట్టలు ముడుచుకుని ఆవగింజంత గుండ్లయ్యాయి. ఏడుపొచ్చింది. ఇప్పుడు మంటని చట్రం చుట్టూ తిప్పుతున్నాను, మధ్యకి అసలు తేవట్లేదు. పాడైన ముక్కల మీద రెండుసార్లు చేసి చూశాను, కుదిరింది.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని సిట్రిక్ యాసిడ్ నీళ్లు చాలు. ఇనప పట్టకారు అందులో ముంచకండి, వెండి మీద రాగి పూత ఎక్కుతుంది. మెరుగు చక్రానికి తీగ చిక్కుకుని లేచిపోతుంది, సబ్బు నీళ్లతో మెత్తని ఇత్తడి బ్రష్షే మేలు.

ఉన్న మూడు పలకల్నీ దారంతో కట్టి లవంగాలు పోసి చూశాను. సందు 2 మి.మీ. లోపు ఉన్నచోట లవంగం ఆగుతోంది, విరిగిన మొగ్గలు మాత్రం రాలుతున్నాయి. అందుకే అడుగుకి అల్లిక వద్దనుకుని 0.8 మి.మీ. రేకు కోసి పెట్టాను. నాలుగో పలక చుట్టలు మళ్లీ చుట్టడం అయింది, వచ్చే గురువారం అతకాలి. ఆ తర్వాత తలుపు మడతబందు.